ఇంకో భుజం

ఆ పొద్దున ఆకాశం సగం మబ్బు పట్టి, సగం తేటగా ఉంది. వానకూ ఎండకూ పంపకాలు తెగనట్టు మబ్బు నడిమధ్యకు వచ్చి అక్కడే ఆగిపోయింది. దూలం వాకిట్లో నిలబడి చాలాసేపు దాన్నే చూశాడు. కళ్ళు మబ్బు మీదున్నా మనసంతా కుడి భుజం మీదే ఉంది. అక్కడ నిన్నటినుంచీ ఒక సెగగడ్డ లేస్తోంది.

దూలం అసలు పేరేమిటో అతనికే ఎవరైనా గుర్తుచెయ్యాలి. మనిషి పొడుగు, మాట తక్కువ, ఎవరైనా కదిపితే తప్ప కదలడు. అందుకని దూలం. ఇళ్ళు మారేవాళ్ళ సామాన్లు మోయడం అతని పని. నలభై దాటినా పెళ్ళి ఊసెత్తితే "చూద్దాంలే" అంటాడు. అక్కా బావల ఇంట్లో వెనక గదిలో ఉంటాడు. బావదీ అదే పని. బావ పొట్టిగా, గుండ్రంగా, ఒకచోట కాలు నిలవకుండా తిరిగే మనిషి గనుక అతనికి బొంగరమని పేరు పడింది.

మోతపనిలో వాళ్ళిద్దరూ జంట. జంటంటే మొగుడూ పెళ్ళాల లెక్కే. ఒకడికి తుమ్మొస్తే రెండోవాడు ముందే బరువు సర్దుకుంటాడు. దూలం మోకాళ్ళు కాస్త వంచి నడిచేవాడు, బొంగరం మునివేళ్ళ మీద నడిచేవాడు. అలా ఇద్దరూ ఎన్నేళ్ళ నుంచో మధ్యలో ఎక్కడో కలుసుకుంటూ వస్తున్నారు.

"బావా, డాక్టరమ్మ దగ్గరికి పోయొస్తా" అన్నాడు దూలం.

"గడ్డకి డాక్టరెందుకురా? ఓ బీరువా ఎత్తితే అదే చితుకుతుంది" అన్నాడు బొంగరం, చొక్కా గుండీలు పెట్టుకుంటూ వాకిలంతా రెండుసార్లు చుట్టి.

డాక్టరమ్మ గడ్డను చూసి పెదవి విరిచింది. దాని చుట్టూ వేలితో గుండ్రంగా గీసి, "మానేదాకా ఈ భుజం మీద ఈగ కూడా వాలకూడదు" అంది.

"పని మానితే జరగదండీ."

"మానమని నేనన్నానా? ఇంకో భుజం ఉందిగా."

దూలం తన ఎడమ భుజం వంక, పక్కింటివాళ్ళ దొడ్డిని చూసినట్టు చూశాడు.

"అది మాది కాదండీ" అన్నాడు.

డాక్టరమ్మ అతని వంకా, భుజం వంకా మార్చి మార్చి చూసి, జ్వరం కూడా ఉందేమోనని నుదుటి మీద చెయ్యేసింది.

ఆవిడకు తెలియదు పాపం. లారీ స్టాండు పక్కన సామాన్లు మోసేవాళ్ళ రేకుల షెడ్డు ఒకటుంది. అందులో రెండు బల్లలు. ఒక బల్ల కుడి భుజం వాళ్ళది, ఎదురుగా ఉన్నది ఎడమ భుజం వాళ్ళది. తాత ఏ భుజం మీద మోస్తే కొడుకూ ఆ భుజమే, మనవడూ ఆ భుజమే. కుడివాళ్ళు తువ్వాలు ముడి ముందుకు వేసుకుంటారు, ఎడమవాళ్ళు వెనక్కి. కుడివాళ్ళు టీ గ్లాసులో తాగుతారు, ఎడమవాళ్ళు సాసరులో పోసుకుని ఊదుకుంటూ తాగుతారు. గుండె ఎడమవైపుంటుంది గనుక బరువు దానికి దూరంగా మోస్తామనీ, అందుకే తమవి మెత్తటి మనసులనీ కుడివాళ్ళు చెప్పుకుంటారు. బరువు సరాసరి గుండె మీదే మోస్తాం గనుక తమవి గట్టి గుండెలని ఎడమవాళ్ళంటారు. రెండువైపులా గుండెలు ఎంత మెత్తనో ఎంత గట్టో గానీ, ఒకరి బీడీకి ఒకరు నిప్పు కూడా ఇచ్చుకోరు.

దూలం పుట్టకముందే కుడివాడు. అతని తండ్రి పసివాణ్ణి కూడా కుడి భుజం మీదే ఎత్తుకునేవాడట. ఆ మాట చెప్పేటప్పుడు మాత్రం దూలం గొంతులో కాస్త చెమ్మ ఆడేది.

షెడ్డుకు రాగానే సంగతి బొంగరానికి చెప్పాడు.

"ఇంకో భుజమా?" అన్నాడు బొంగరం, బూతుమాట విన్నట్టు చుట్టూ చూసి. "గట్టిగా అనకు. ఇవాళ్టికి మెల్లగా నెట్టుకొద్దాం. బరువంతా నావైపు తీసుకుంటాలే."

ఆ మాట నిలబెట్టుకున్నాడు కూడా. అదే కొంప ముంచింది.

ఆ రోజు ఎత్తాల్సింది పాతకాలపు ఇనప బీరువా. షెడ్డు ముందాగిన లారీకి పలక ఆనించి, దాని మీదుగా ఎక్కించాలి. బరువు తనవైపు లాక్కోవాలని బొంగరం వెనక్కి వెనక్కి నడిచాడు. పలక మీద కాలు జారింది. వెల్లకిలా పడ్డాడు. బీరువా అతని పొట్ట మీదికి ఒరుగుతోంది. దూలం ఆలోచించలేదు. ఆలోచనలో అతని వేగమెంతో తెలిసిందే, ఆలోచించి ఉంటే బావ పచ్చడయ్యేవాడు. కుడి భుజం తాకగానే గడ్డ కస్సుమంది. ఎడమ భుజం దానంతటదే పోయి బీరువా కింద దూరింది. బీరువా ఆగింది.

షెడ్డులో టీ తాగుతున్నవాళ్ళు తాగడం ఆపేశారు. ఎవరి సాసరో అంచు మీదుగా ఒలికిపోతూ ఉంది, ఆ మనిషి చూసుకోలేదు.

బొంగరం కిందనుంచి పైకి చూశాడు. ముందు బీరువా కనిపించింది, తర్వాత భుజం కనిపించింది. బతికి బయటపడ్డ మొహం కాదది.

"ఒరేయ్" అన్నాడు. "నన్ను కాపాడ్డానికి నీకు ఆ భుజమే దొరికిందా?"

"ఇదే దగ్గర్లో ఉంది బావా."

"అందరూ చూస్తున్నారు. తియ్యి."

"తీస్తే నీ మీద పడుద్ది."

బొంగరం కళ్ళు మూసుకుని ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. రెండువైపులా తూచి చూసుకున్నాక గానీ పక్కకు దొర్లలేదు.

కుడి మేస్త్రి లేచొచ్చాడు. పెద్దమనిషి. తువ్వాలు ముడి ఆయనకు గడ్డం కిందే ఉంటుంది, ఆ ముడి ఎంత బిగువుగా ఉంటే ఆయన మాట అంత బిగువు. "పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గాని పోదంటారు. నీకు బీరువా వంకతోనే పోయింది" అన్నాడు. "ఎడమకి ఒకసారి అలవాటైన భుజాన్ని కుడి బల్ల మీద కూర్చోబెడితే రేపు పదిమందికి అంటుకుంటుంది."

"గడ్డండీ" అన్నాడు దూలం చొక్కా జరిపి.

"గడ్డలు అందరికీ లేస్తాయి. అందరూ వంశం మార్చుకుంటున్నారా?"

ఎడమ మేస్త్రి అప్పటికే బల్ల మీద చోటు దులుపుతున్నాడు. మీసాలాయన. నవ్వితే మీసాల రెండు కొసలూ చెవుల దాకా పోతాయి. "రా నాయనా రా" అన్నాడు. "మొదట్నుంచీ అనుకుంటూనే ఉన్నా. నీ నడకలోనే ఉంది. ఎడమ కాలు ముందేస్తావు చూడు."

దూలం తన కాళ్ళ వంక చూసుకున్నాడు. ఎప్పుడు ఏది ముందు వేస్తాడో అతనికి తెలియదు. తెలుసుకుందామని ఒక అడుగు వేశాడు. ఎడమదే పడింది. దాంతో బల్లంతా చప్పట్లు కొట్టింది.

సాయంత్రం ఇంట్లో బొంగరం గోడవైపు తిరిగి కూర్చున్నాడు. అక్క పొయ్యి దగ్గరుంది. గది ఎంతో లేదు, ముగ్గురి మోకాళ్ళూ దాదాపు తగులుతున్నాయి.

"మీ తమ్ముడితో చెప్పు, నా సబ్బు వాడొద్దని" అన్నాడు బొంగరం.

"విన్నావుగా" అంది అక్క.

"సబ్బుకి భుజంతో పనేంటో అడుగక్కా" అన్నాడు దూలం.

"విన్నారుగా" అంది అక్క.

"ఎడమ భుజాన్ని రుద్దిన సబ్బు నా కుడి భుజం మీద పెట్టుకోనని చెప్పు."

"ఇన్నేళ్ళూ ఎడమ భుజం కడుక్కోకుండానే ఉన్నాడనా మీరనుకునేది?" అంది అక్క.

బొంగరం గోడకు మరింత దగ్గరగా జరిగాడు.

"అక్కా, బావ ప్రాణం కాపాడానని చెప్పు" అన్నాడు దూలం. అంత పొడుగు మాట అతను రోజుకు ఒకటే అంటాడు.

"ప్రాణం పోతే ఒక్కసారే పోయేది, పరువు రోజూ పోతోందని చెప్పు."

అక్క గరిటె కింద పెట్టింది. ఆమె ఏ భుజం మనిషీ కాదు. ఆమె ఎత్తిన బరువులకు ఎవరూ బల్ల వెయ్యలేదు. "నేనేమన్నా పోస్టుడబ్బానా?" అంది. "మీలో మీరు మాట్లాడుకునేదాకా నన్ను పలకరించొద్దు. ఇద్దరూనూ."

మర్నాడు క్యారేజీ కట్టేటప్పుడు ఆమె చేసిన పని చాలా రోజులు ఆ వీధిలో చెప్పుకున్నారు. ఎప్పుడూ ఇద్దరికీ కలిపి ఒకటే క్యారేజీ కట్టేది. ఆ రోజునుంచీ గిన్నెలు విడదీసింది. అన్నం గిన్నె తమ్ముడి చేతికిచ్చింది. కూర గిన్నె మొగుడి చేతికిచ్చింది. తలుపేసుకుంది.

మధ్యాహ్నం షెడ్డులో దూలం ఎడమ బల్ల మీద కూర్చుని వట్టి అన్నం తిన్నాడు. బొంగరం కుడి బల్ల మీద వట్టి కూర తిన్నాడు. మధ్యలో ఏడడుగుల జాగా, ఒక నీళ్ళ డ్రమ్ము. దూలం ముద్ద మింగినప్పుడల్లా కూర గిన్నె వంక చూశాడు. కారం నషాళానికెక్కి బొంగరం మంచినీళ్ళు తాగినప్పుడల్లా అన్నం గిన్నె వంక చూశాడు. ఎవరూ లేవలేదు.

ఎడమవాళ్ళు మాత్రం దూలాన్ని కొత్తల్లుణ్ణి చూసుకున్నట్టు చూసుకున్నారు. తువ్వాలు ముడి వెనక్కి తిప్పారు. సాసరులో టీ పోసి ఊదడం నేర్పారు. అలా తాగితే నాలుక కాలదని తెలిసి దూలం ఇన్నేళ్ళ నాలుకను తలుచుకుని బాధపడ్డాడు. అతని తాత కూడా చాటుగా ఎడమవాడేనని మీసాలాయన తేల్చాడు. ఎలా తెలుసని అడిగితే, "మీ తాతని చూస్తేనే తెలిసేది" అన్నాడు. మీసాలాయన పుట్టేనాటికి తాత పోయి చాలా కాలమైంది.

జోకులు కూడా చెప్పుకున్నారు. ఒక కుడివాడు మంచం మోసుకుంటూ పోయి దాని మీదే నిద్రపోయాడట. దూలం నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు. ఈ జోకు అతనికి తెలుసు. చిన్నప్పటినుంచీ కుడి బల్ల మీద విన్నదే, అక్కడ నిద్రపోయినవాడు ఎడమవాడు. తర్వాతి జోకూ తెలుసు, దాని తర్వాతిదీ తెలుసు. ఒక్కొక్కటీ చివరికి రాకముందే నవ్వేస్తుంటే, "చూశారా, రక్తంలోనే ఉంది" అన్నారు బల్ల మీదివాళ్ళు.

వింతేమిటంటే రోజులు గడిచేకొద్దీ అతనికి నిజంగానే తన రక్తంలో ఏదో ఉందనిపించసాగింది. ఒక పొద్దున అటువైపు చూసి, కుడివాళ్ళు గ్లాసు పట్టుకునే తీరులో ఎంత డాబు అనుకున్నాడు. అనుకున్నాక నోరు నొక్కుకున్నాడు. ఆ తీరులో గ్లాసు పట్టుకుని కూర్చున్నది బొంగరం.

బొంగరానికి వేరే కష్టం వచ్చిపడింది. జంట లేదు. కుడి బల్ల మీద ఎవరి జంట వాళ్ళకుంది, మునివేళ్ళ మీద నడిచే గుండ్రటి మనిషితో జత కట్టేవాడెవడూ లేడు. ఒకటి రెండు రోజులు చూసి, పని లేక ఒళ్ళు లాగేస్తుంటే, ఒక పరుపు చుట్టి తల మీద పెట్టుకున్నాడు.

తల మీద మోయడం ఆ షెడ్డులో ఎవరూ చెయ్యరు. ఎందుకు చెయ్యరని అడిగితే ఎవరూ చేయరు గనుక అని చెబుతారు. పరుపు కింద బొంగరం కనిపించలేదు. రెండు పొట్టి కాళ్ళు మాత్రం కనిపించాయి. పరుపే కాళ్ళొచ్చి పనికి పోతున్నట్టుంది.

కుడి మేస్త్రి తువ్వాలు ముడి బిగించాడు. "తల ఎటువైపుంటుంది?" అని అడిగాడు.

"పైనండీ" అంది పరుపు.

"కుడా, ఎడమా అని అడుగుతున్నా."

పరుపు ఆలోచించింది. "మధ్యలో అండీ."

"అయితే నువ్వూ మధ్యలోనే కూర్చో."

ఆ మధ్యాహ్నం నుంచీ బొంగరం నీళ్ళ డ్రమ్ము పక్కన నేల మీద కూర్చుని వట్టి కూర తిన్నాడు. రెండు బల్లలూ అతన్ని చూసి కలిసి నవ్వాయి. ఆ షెడ్డులో కుడీ ఎడమా కలిసి చేసిన పని అదొక్కటే. "రెంటికీ చెడ్డ రేవడి" అన్నాడు మీసాలాయన. దూలం పక్కవాళ్ళు నవ్వారు. దూలం నవ్వలేదు. సాసరు కింద పెట్టాడు.

గడ్డ చితికింది. మానింది. దూలం భుజం తడుముకుని, చొక్కా దులుపుకుని కుడి మేస్త్రి ముందుకు పోయాడు.

"మానిందండీ."

"ఏది?"

"గడ్డ."

ఆయన భుజం వంక చూడలేదు. తువ్వాలు వంక చూశాడు. ముడి ఇంకా వెనకే ఉంది. దూలం గబగబా ముందుకు తిప్పబోతే అది మెడకు బిగుసుకుంది.

"ముడి తిరిగినంత తేలికగా మనిషి తిరగడు" అన్నాడాయన. "సాసరులో తాగిన నోరది. మా బల్ల మీద చోటు లేదు."

మీసాలాయన దూరం నుంచే, "మావాణ్ణి మాకు వదిలెయ్యండి" అన్నాడు.

దూలానికి కావలసింది బల్ల కాదు. కావలసిందేమో అప్పుడే డ్రమ్ము పక్కన గిన్నె మూత పెడుతోంది.

టీకొట్టు పిన్ని ఇదంతా చూస్తోంది. ఆమె షెడ్డుకంటే పాతది. "మీ తాతల కాలంలో ఎవరికో గడ్డ లేచిందిరా" అంది గ్లాసులు కడుగుతూ. "దాంతో భుజం మార్చుకున్నాడు. ఆ తర్వాతే ఈ గోలంతా."

"ఏ భుజానికి లేచింది పిన్నీ?" అని రెండు బల్లల మీదివాళ్ళూ ఒకేసారి అడిగారు.

"గుర్తులేదు. గుర్తున్నా చెప్పను" అంది పిన్ని.

ఆ మర్నాడు వీధి చివరి మేడలో పని వచ్చింది. ఇంటావిడ కింది వాటా నుంచి పై వాటాకు మారుతోంది. సామాన్లన్నీ ఎక్కాయి, పెద్ద భోజనాల బల్ల మాత్రం మిగిలింది. పాత కర్ర, కాళ్ళు నాలుగూ బయటికి వంగి ఏనుగు పిల్లలా ఉంది. మెట్లేమో ఇరుకు. ఒకవైపు గోడ, ఒకవైపు ఇనప కటకటాలు.

ముందు కుడివాళ్ళు ఎత్తారు. మలుపు దగ్గర బల్ల కాలు కటకటాల్లో దూరింది. ఊడదీసేసరికి వాళ్ళ కుడి భుజాలు గోడకు గీసుకుపోయాయి. తర్వాత ఎడమవాళ్ళు ఎత్తారు. అదే మలుపు దగ్గర ఇంకో కాలు దూరింది. "మెట్లు తప్పు కట్టారు" అని కుడి మేస్త్రి, "బల్ల తప్పు చేశారు" అని ఎడమ మేస్త్రి తేల్చారు. ఇంటావిడ గుమ్మంలో నిలబడి, "తప్పెవరిదైనా నా బల్ల పైకెక్కాలి" అంది.

బొంగరం వెనకనుంచి వచ్చాడు. బల్ల చుట్టూ ఒకసారి తిరిగాడు, రెండుసార్లు తిరిగాడు, తిరగడం అతనికి ఊపిరి పీల్చడం లాంటిది. తర్వాత దాని కిందికి దూరి తల ఆనించాడు. బల్ల ఒకవైపు లేచింది. రెండోవైపు నేల మీదే ఉంది. అలాగే నిలబడ్డాడు. దించలేడు, ఎత్తలేడు. బల్ల కింద అతని మెడ పండు మిరపకాయ రంగుకు తిరుగుతోంది.

రెండు బల్లల జనమూ నవ్వడం మొదలుపెట్టారు.

దూలం తువ్వాలు విప్పాడు. ముడి ముందుకూ వెయ్యలేదు, వెనక్కీ వెయ్యలేదు. చుట్టగా చుట్టి నడినెత్తి మీద పెట్టుకున్నాడు. బల్ల రెండో కొస కిందికి దూరి లేచాడు.

నేల మీద వాళ్ళ సంగతి నవ్వులాటే అయింది. దూలం పొడుగు, బొంగరం పొట్టి, బల్ల జారుడుబండలా వాలింది. ఎడమవాళ్ళు దించాక ఎవరో బల్ల మీద పెట్టి మరచిపోయిన ఉప్పుడబ్బా ఒకటి మెల్లగా జారుకుంటూ పోయి బొంగరం వైపు కింద పడింది. జనం మరింత నవ్వారు. బొంగరం మునివేళ్ళ మీద లేచాడు. దూలం మోకాళ్ళు వంచాడు. ఎవరూ ఎవరికీ చెప్పలేదు, ఆ కాళ్ళకు అది ఎప్పటినుంచో తెలుసు.

మెట్లెక్కడం మొదలుపెట్టేసరికి నవ్వులు ఆగాయి. ముందు పొట్టివాడు, వెనక పొడుగువాడు. ముందున్నవాడు పై మెట్టు మీద, వెనకున్నవాడు కింది మెట్టు మీద. బల్ల నీళ్ళు పోసినా ఒలకనంత సమంగా నిలిచింది. మునివేళ్ళూ అక్కర్లేదు, మోకాళ్ళూ అక్కర్లేదు. నాలుగు కాళ్ళూ కటకటాల పైనుంచి గాలిలో సాగిపోయాయి. బల్ల కింద చీకటి. ఒకరి మొహం ఒకరికి కనిపించదు. వెనకవాడికి ముందువాడి మడమలు మాత్రం కనిపిస్తున్నాయి.

మలుపు వచ్చింది.

"బావా, మలుపు" అన్నాడు దూలం.

"చూశా" అన్నాడు బొంగరం.

ఆ తర్వాత రెండు మెట్లెక్కాక, బల్ల కిందినుంచే, మెడ కదపకుండా, "గడ్డ మానిందా?" అన్నాడు.

"మానింది."

"ఊఁ."

అంతే. అన్ని రోజుల తగువూ ఆ మూడు ముక్కల్లో పైకెక్కి పోయింది.

వాళ్ళు షెడ్డుకు తిరిగొచ్చేసరికి వాళ్ళకంటే ముందే కబురొచ్చింది. ఇద్దరూ డ్రమ్ము పక్కన కూర్చున్నారు. ఎవరో పాత తలుపు చెక్క ఒకటి తెచ్చి రెండు ఇటుకల మీద వేశారు. ఎవరు వేశారో ఎవరూ ఒప్పుకోలేదు. అది మూడో బల్ల అయింది.

టీకొట్టు పిన్ని కేక వేసింది. "ఒరేయ్, తలవాళ్ళు టీ దేంట్లో తాగుతారు? గ్లాసా, సాసరా?"

తలవాళ్ళు అన్న మాట షెడ్డులో అదే మొదటిసారి వినపడడం. మీసాలాయన అప్పుడే పక్కవాడితో అంటున్నాడు, "తలవాళ్ళ వరసే అంత. మొదట్నుంచీ పొగరు." మొదటినుంచీ అంటే పొద్దుటినుంచి.

బొంగరం టీ సంగతి లోతుగా ఆలోచించి, "చెంబు" అన్నాడు. దూలం అతని వంక చూశాడు. చెంబుతో టీ తాగడం ఎలాగో అతనికి అంతుపట్టలేదు, కానీ చూద్దాంలే అనుకున్నాడు.

అప్పుడు ఒక గొడుగాయన వచ్చి నిలబడ్డాడు. నడివయసు మనిషి, ఎక్కడో పని పోయి కొత్త పని వెతుక్కుంటున్నాడట. మెట్ల మీద బల్ల ఎక్కడం కిందినుంచి చూశాడు. "నన్నూ మీలో కలుపుకుంటారా?" అని అడిగాడు.

బొంగరం నడుము నిటారుగా పెట్టి కూర్చున్నాడు. తువ్వాలు చుట్ట నడినెత్తి మీద సర్దుకున్నాడు. మెడ తిప్పలేక ఒళ్ళంతా అతనివైపు తిప్పాడు.

"మీ నాన్న ఎక్కడ మోసేవాడు?"

"మా నాన్న దర్జీ అండీ."

"తల ఎత్తి కుట్టేవాడా, వంచి కుట్టేవాడా?"

గొడుగాయన బెదిరిపోయాడు. "వంచేనండీ. ఎత్తితే సూది గుచ్చుకుంటుంది కదా."

"ఊఁ" అన్నాడు బొంగరం అనుమానంగా. "తలతోనే పని కాబట్టి సరే. కానీ మీ ఇంట్లో ఎవరైనా ఏదైనా భుజం మీద..."

దూలం బావ మోకాలి మీద చెయ్యేశాడు. గట్టిగా ఏమీ వెయ్యలేదు. అన్నం గిన్నె మూత తీసి బావ ముందుకు జరిపాడు. బొంగరం నోట్లో మాట సగంలో ఆగింది. అన్నం వంక చూశాడు. తన ఒళ్ళో ఉన్న కూర గిన్నె వంక చూసుకున్నాడు. ఆ గిన్నె కూడా మూత తీసి అన్నం పక్కన పెట్టాడు. రెండు గిన్నెల వాసనా లేచి ఒకటే అయింది.

వచ్చి కూర్చోమన్నట్టు దూలం చెక్క మీద గొడుగాయనకు చోటు చూపించాడు. బొంగరం అడ్డు చెప్పాలనుకున్నాడు. కానీ నోరు తెరిస్తే మెడలో నరం కలుక్కుమంది. దూలానికీ అంతే. బల్ల బరువు అప్పుడు తెలియలేదు, ఇప్పుడు తెలుస్తోంది. దవడ నమలడానికి ఆడుతోంది కానీ మాటకు ఆడడం లేదు.

ఇద్దరూ మెడలు నిలువుగా పెట్టి, చూపు ఎదురుగా నిలిపి, ఒకే గిన్నెలో కలుపుకుని మెల్లగా ముద్దలెత్తారు. గొడుగాయన ఏదో చెప్పబోయాడు. వాళ్ళ మొహాలు చూసి ఆగాడు. అతనికి ఆ గాంభీర్యం అర్థమైంది. ఇది వీళ్ళ ఆనవాయితీ కాబోలు అనుకున్నాడు. గొడుగు ముడిచి పక్కన పెట్టి, తనూ మెడ నిలువుగా పెట్టుకున్నాడు.

"తలవాళ్ళు తినేటప్పుడు మాట్లాడరు, గోల చెయ్యకండి" అని పిన్ని రెండు బల్లలనూ గదమాయించింది.

బొంగరానికి నవ్వొచ్చింది. నవ్వితే మెడ పట్టేస్తుందని మింగేశాడు. కూర గిన్నె అడుగున మిగిలిన ముక్కను వేలితో దూలం వైపు నెట్టాడు. దూలం దాన్ని సగం చేసి, సగం గొడుగాయన వైపు నెట్టాడు. ముగ్గురూ తిన్నారు.